వాగు పొంగే నెలల్లో కాన్పు ఉంటే

జూలై నుంచి సెప్టెంబర్ మధ్య కాన్పు ఉన్నవాళ్లు డాక్టర్ ఇచ్చిన తేదీతో పాటు ఇంకో సంగతి కూడా ఇంట్లో మాట్లాడుకోవాలి. ఆ రోజు మన రోడ్డు తెగితే ఎటు నుంచి పోతాం? ములుగు జిల్లా ఏటూరునాగారం, తాడ్వాయి వైపు వాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. జంపన్నవాగు నిండిందంటే అటువాళ్లు అటే, ఇటువాళ్లు ఇటే. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి ఊరంతా మునిగితే జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. టౌన్‌లో ఉన్నాం, మాకేం ఫికర్ అనుకోవద్దు. హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగితే ఎట్లుంటదో అక్కడివాళ్లకు తెలుసు.

డాక్టర్ చెప్పిన తేదీకే నొప్పులు వచ్చేవాళ్లు చాలా తక్కువ. 37 వారాలు నిండాక ఏ రోజైనా రావచ్చు. కాబట్టి వాగు అవతల ఉన్నవాళ్లు తేదీకి కనీసం రెండు, మూడు వారాల ముందే దవాఖానకు దగ్గర్లో ఉన్న చుట్టాలింటికి చేరాలి. మొదటి కాన్పు తల్లిగారింట్లోనే కావాలని మన దగ్గర పట్టింపు ఎక్కువ. తల్లిగారి ఊరు వాగు అవతల ఉంటే ఈ ఒక్కసారికి అమ్మనే కూతురి దగ్గరికి రమ్మనాలి. ఈ మాట కోడలు అంటే ఒక తీరు, అత్త అంటే ఒక తీరు. అత్తే అంటే ఎవరికీ నొచ్చుకునే పని ఉండదు. దగ్గర్లో చుట్టాలు లేకపోతే ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో ముందే చెప్పండి. ప్రసవం దగ్గరపడ్డవాళ్ల వివరాలు వాళ్ల దగ్గర ఉంటాయి. వరద ముప్పు ఉన్నప్పుడు ముందుగానే దవాఖానకు తరలించే ఏర్పాటు ఏముందో వాళ్లనే అడగాలి.

బీపీ ఉన్నా, కవలలైనా, ఇంతకుముందు ఆపరేషన్ అయినా, బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, మాయ కిందికి ఉందని స్కాన్‌లో చెప్పినా ఇంకా ముందే కదలాలి. ఎప్పుడు రావాలో డాక్టర్‌ను అడిగి కార్డు మీద రాయించుకోండి.

కొందరు ఇక్కడే ఇంకో దారి వెతుకుతారు. వానలున్నాయి కదా, మంచి ముహూర్తం చూసి ముందే ఆపరేషన్ చేయించేద్దాం అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్లే. వాన భయంతో ఆ లెక్కను ఇంకా పెంచాల్సిన పని లేదు. కారణం లేకుండా 39 వారాల కంటే ముందే బిడ్డను బయటికి తీస్తే ఊపిరి తీసుకోవడానికి తిప్పలు పడొచ్చు. ముందుగా దవాఖాన దగ్గరికి చేరమంటున్నాను తప్ప ముందుగా కోయించుకోమనడం లేదు.

వరంగల్‌లో సీకేఎం, హన్మకొండలో ప్రభుత్వ ప్రసూతి దవాఖాన ఉండనే ఉన్నాయి. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్‌లోనూ ప్రభుత్వ దవాఖానలున్నాయి. ప్రైవేటైనా, సర్కారుదైనా రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి. రాత్రిపూట ఆపరేషన్ అవసరమైతే మత్తు డాక్టర్ వస్తారా? రక్తం అక్కడే దొరుకుతుందా? రోడ్లు తెగిన రోజున వరంగల్ నుంచి రక్తం తెప్పిస్తామంటే అయ్యే పని కాదు. మీ గ్రూపు ఉన్న ఇద్దరు ముగ్గురిని ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. తల్లిది నెగెటివ్ గ్రూపు, తండ్రిది పాజిటివ్ అయితే తర్వాతి కాన్పులో బిడ్డకు ముప్పు రాకుండా తల్లికి వేసే యాంటీ-డి సూది సంగతి డాక్టర్‌ను గుర్తుచేయాలి. బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయ్యాక 72 గంటల్లోపు అది పడాలి.

హిమోగ్లోబిన్ 11కు తగ్గితే రక్తహీనతే, 7కు తగ్గితే ప్రమాదం. ఐరన్ గోలీ చాయ్‌తో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. గోలీతో మలం నల్లగా వస్తే భయపడి మానేయొద్దు.

ఈ కాలంలో జ్వరం వస్తే ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఊరుకోవద్దు. మలేరియా, డెంగీ రెండూ గర్భిణిని గట్టిగా దెబ్బతీస్తాయి, రక్తపరీక్ష చేయించాల్సిందే. ఒంటినొప్పుల గోలీలు సొంతంగా మింగడం చివరి నెలల్లో బిడ్డకు మంచిది కాదు. పగలు పడుకున్నా దోమతెర కట్టుకోండి, డెంగీ దోమ పగలే కుడుతుంది. నీళ్లు కాచి తాగండి.

సంచీ గురించి ఎక్కువ చెప్పను, అది అందరూ సర్దుతారు. తల్లీబిడ్డల కార్డు, స్కాన్ రిపోర్టులు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మాత్రం ప్లాస్టిక్ కవర్లో వేసి పైనే పెట్టండి. బిడ్డకు చుట్టే పాత నూలు గుడ్డలు ఎండ ఉన్నప్పుడే ఉతికి ఆరేసి దాచండి. ముసురు పట్టిందంటే ఏదీ ఆరదు. కరెంటు పోతుంది కాబట్టి ఫోన్‌లో చార్జింగ్ నిండుగా ఉండాలి.

నడిస్తే, పక్కకు తిరిగి పడుకుంటే తగ్గిపోయేవి ఉత్త నొప్పులు. వచ్చి పోతూ, రానురాను దగ్గరపడుతూ, బలం పెరిగేవి అసలు నొప్పులు. పట్నంలోవాళ్లు అయిదు నిమిషాలకొకసారి వచ్చేదాకా ఆగగలరేమో, వానలో దూరం పోవాల్సినవాళ్లు ఆగొద్దు. రెండో కాన్పైతే అసలే ఆగొద్దు. ఉమ్మనీరు పోయినా, రక్తం కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా, విపరీతమైన తలనొప్పితో కళ్లు మసకలు కమ్మినా నొప్పుల కోసం చూడకుండా బయల్దేరాలి. ఉమ్మనీరు పచ్చగా ఉంటే ఇంకా తొందర. చెకప్‌లకు 102 వాహనం సరిపోతుంది, ఇలాంటప్పుడు మాత్రం 108కే ఫోన్ చేయాలి.

పారుతున్న వాగును ట్రాక్టర్ మీదైనా దాటించొద్దు. దారి లేకపోతే 108కు, ఏఎన్ఎంకు, పంచాయతీ వాళ్లకు ఒకేసారి చెప్పండి. అంతలోనే కాన్పైపోతే కడుపు మీద ఒత్తొద్దు, బొడ్డుతాడు పట్టి లాగొద్దు, ఇంట్లో ఉన్న బ్లేడుతో కోయొద్దు. బిడ్డను పొడిగా తుడిచి తల్లి ఒంటికి ఆనించి ఇద్దరికీ కలిపి పొడి దుప్పటి కప్పండి. తేనె, చక్కెర నీళ్లు నాకించకుండా గంటలోపు ముర్రుపాలు పట్టించండి. స్నానం మరుసటి రోజు దాకా వద్దు. రోడ్డు తెరుచుకోగానే ఇద్దరినీ దవాఖానకు తీసుకుపోవాలి, బాగానే ఉన్నారనిపించినా సరే.