ఇంటి కంప్యూటర్‌లోని ఫైళ్లకు బ్యాకప్ తీయడం, పోయినవాటిని తిరిగి రాబట్టుకోవడం

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తరువాత ఉద్దానం పల్లెల్లో చాలా రోజుల పాటు కరెంటు లేదు. కరెంటు వచ్చాక మా ఇంటి కంప్యూటర్‌ను ఆన్ చేస్తే హార్డ్ డిస్క్ నుంచి టిక్కుటిక్కుమనే చప్పుడు తప్ప మరేమీ రాలేదు. బ్యాకప్ తీసి ఉంచానన్న ధీమా నాకుండేది. కానీ ఆ బ్యాకప్‌ను డి డ్రైవ్‌లో పెట్టాను. సి, డి అంటూ తెరపై రెండు పేర్లు కనబడినా పెట్టెలో ఉన్న డిస్క్ ఒక్కటే కనుక అసలుతో పాటు నకలూ పోయింది. అందువల్ల మొదటి నియమం ఇదే: నకలు వేరే పరికరంలో ఉండాలి, పని పూర్తయిన వెంటనే ఆ పరికరాన్ని కంప్యూటర్ నుంచి వేరు చేయాలి.

ముందుగా ఏ ఫైళ్లు ఎక్కడ ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. ఫోటోలు, ధ్రువపత్రాలు, పట్టాదారు పాస్‌పుస్తకం స్కాన్‌లు అందరికీ గుర్తుంటాయి. జీడిపప్పు వ్యాపారం చేసే ఇళ్లలో టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాసుకున్న లెక్కలు సాధారణంగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండవు. వాటికి విడిగా ఒక డేటా ఫోల్డర్ ఉంటుంది, అది ఎక్కడ ఉందో టాలీలోనే చూసి గుర్తుపెట్టుకోవాలి. కంప్యూటర్‌లో శుభలేఖలు, కరపత్రాలు కూర్చే డీటీపీ పని చేసేవారికి ఇంకొక చిక్కు ఉంది. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో కూర్చిన శుభలేఖను ఎంత భద్రంగా దాచుకున్నా, ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలే కనబడతాయి. అవి ఏ కంప్యూటర్ అయినా గుర్తించే యూనికోడ్ పద్ధతి అక్షరాలు కాకపోవడమే అందుకు కారణం. కాబట్టి ఫాంట్ల ఫోల్డర్‌ను కూడా నకలు తీసి, పూర్తయిన ప్రతి పనినీ పీడీఎఫ్ రూపంలో ఒకటి ఉంచుకోవాలి.

నకలుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మంచిది. పెన్‌డ్రైవ్‌నూ, తిరిగే పళ్లెం లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ డిస్క్‌నూ ఏళ్ల తరబడి వాడకుండా బీరువాలో పడేస్తే వాటిలోని సమాచారం చెదిరిపోయే ప్రమాదం ఉంది. డిస్క్ ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీకి మించిన ఫైల్ అందులోకి ఎక్కదు, పెళ్లి వీడియో మధ్యలోనే ఆగిపోతుంది. అందుకని ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిని ఎంచుకోవాలి. తరువాత విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీని తెరిచి, ఆ డిస్క్‌ను చూపించి, ఆన్ చేయాలి. డిస్క్ తగిలించి ఉన్నంతసేపు అది గంటకొకసారి మారిన ఫైళ్లను నకలు చేస్తుంది, పాత రూపాలను కూడా ఉంచుతుంది. అయితే డి డ్రైవ్‌లో మీరు విడిగా చేసుకున్న ఫోల్డర్లను తనంతట తాను తీసుకోదు. వాటిని విండోస్‌లో ఫోల్డర్లను ఒకచోట చూపే లైబ్రరీలో చేర్చితేనే తీసుకుంటుంది. వారానికి ఒక రోజు పెట్టుకుని, నకలు పూర్తయ్యాక డిస్క్‌ను వేరు చేయండి. 2017 మే నెలలో ప్రపంచమంతటా వ్యాపించిన వాన్నాక్రై వంటి వైరస్‌లు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డిస్క్‌లలోని ఫైళ్లకు కూడా తాళం వేస్తాయి.

రెండవ నకలు ఇంట్లో ఉండకూడదు. మా రెండవ డిస్క్ విజయనగరంలో అక్క ఇంట్లో ఉంటుంది. సంక్రాంతికి ఒకసారి, పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఒకసారి వెళ్లినప్పుడు కొత్తది ఇచ్చి పాతది తెచ్చుకుంటాను. (అక్క దాన్ని పసుపు, కుంకుమ పెట్టెల పక్కన పెట్టింది, అంతకన్నా భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.) కానీ 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు రెండింటినీ కుదిపింది కనుక, అతి ముఖ్యమైన కొద్ది పత్రాలను ఆన్‌లైన్‌లో కూడా దాచడం అవసరం. గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీ పత్రాలకు చాలు, ఫోటోలన్నింటికీ చాలదు. అక్కడొక భ్రమకు లోనుకావద్దు: రెండు చోట్లా ఒకేలా ఉంచే సింక్ అసలైన బ్యాకప్ కాదు. కంప్యూటర్‌లో చెరిపితే అక్కడా చెరిగిపోతుంది, గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో 30 రోజులే ఉంటుంది.

మూడు నెలలకొకసారి ఏదో ఒక ఫోల్డర్‌ను నకలు నుంచి వేరే చోటికి దించి, ఫైళ్లు తెరిచి చూడాలి. ఈ పనిని దాదాపు అందరూ వదిలేస్తారు. తెరుచుకోని నకలు ఉన్నట్టా, లేనట్టా?

ఇక పోయినవాటి సంగతి. పొరపాటున ఫైల్ చెరిపితే ముందు రీసైకిల్ బిన్ చూడండి. పెన్‌డ్రైవ్ నుంచి చెరిపినవి సాధారణంగా అందులోకి రావు. అక్కడ లేకపోతే ఆ డిస్క్‌ను వాడటం తక్షణమే ఆపాలి. చెరిపిన ఫైల్ ఉన్న చోటు ఖాళీగా నమోదవుతుందే గాని అందులోని సమాచారం వెంటనే పోదు. మీరు కొత్తగా రాసే ప్రతి ఫైలూ దాని మీద పడవచ్చు. అందుకే రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్క్‌లో ఇన్‌స్టాల్ చేయకూడదు, దొరికిన ఫైళ్లను అదే డిస్క్‌లో దించకూడదు. ఉచితంగా దొరికే ఫోటోరెక్ పేరుకు ఫోటోలది అయినా అనేక రకాల ఫైళ్లను వెతికి తీస్తుంది. పాత పేర్లు మాత్రం రావు, ఎఫ్ అక్షరం, అంకెలతో కూడిన వందల ఫైళ్లను ఓపికగా తెరిచి చూసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ విషయంలో ఆశ తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల చెరిపిన సమాచారం త్వరలోనే నిజంగా తుడిచిపెట్టుకుపోతుంది.

విండోస్ తెరుచుకోకపోయినా డిస్క్ బాగానే ఉండవచ్చు. దాన్ని బయటికి తీసి, యూఎస్‌బీ కేబుల్‌తో వేరొక కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ ఏర్పాటు బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది చాలామందికి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ఇప్పుడే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి.

మాకు వినిపించినట్టు టిక్కుటిక్కు చప్పుడు వస్తే మాత్రం సాఫ్ట్‌వేర్‌తో ఏ ప్రయత్నమూ చేయవద్దు, మూత విప్పవద్దు. కరెంటు తీసేసి, డేటా రికవరీ చేసే నిపుణుల దగ్గరకు పంపాలి. వరద నీటిలో తడిసిన డిస్క్‌ను కూడా ఆన్ చేసి చూడకూడదు. నేను నాలుగుసార్లు ఆన్ చేసి చూశాను. అయిదోసారి ఆ చప్పుడు కూడా రాలేదు.