బార్బడోస్‌లో వారం రోజులు తీరిగ్గా గడపాలంటే ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కరీబియన్ అనగానే ఒకే ట్రిప్పులో నాలుగు దీవులు చుట్టేద్దామని చాలామంది లెక్కలు వేస్తారు. మ్యాపులో అన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి మరి. కానీ దీవి మారిన ప్రతిసారీ మళ్లీ ఎయిర్‌పోర్టు, మళ్లీ ఇమిగ్రేషన్ క్యూ. విశ్రాంతి కోసమే వెళ్తుంటే ఒక్క దీవి, ఒక్క బస, ఏడు రాత్రులు చాలు. నన్నడిగితే బార్బడోస్ వెళ్లమంటాను. మనకు ఆ పేరు కొత్త కాదు. 2024 జూన్ 29న టీమిండియా టీ20 ప్రపంచకప్ గెలిచింది అక్కడి కెన్సింగ్టన్ ఓవల్‌లోనే. దీవి మొత్తం పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. ఎక్కడికి వెళ్లినా సాయంత్రానికి గదికి వచ్చేయొచ్చు.

1. ముందు నెల తేల్చుకోండి

జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. కప్పు గెలిచిన మన జట్టు బెరిల్ తుపాను వల్ల కొన్ని రోజులు అక్కడే చిక్కుకుపోయిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఈ దీవి మిగతా వాటికంటే తూర్పుగా ఉండటంతో తుపాన్లు నేరుగా తాకడం తక్కువే, కానీ ఆ టెన్షన్ మనకెందుకు? డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా వాతావరణం బాగుంటుంది, రేట్లు మాత్రం మండిపోతాయి. ఏప్రిల్ చివరి వారం నుంచి మే నెలాఖరు మధ్యలో వెళ్లడం మంచిది. రద్దీ తగ్గుతుంది, వానలు ఇంకా ఊపందుకోవు. ఆగస్టు మొదటి సోమవారంతో ముగిసే క్రాప్ ఓవర్ చెరకు కోతల పండగ చూడదగ్గదే, కాకపోతే అది నిద్రపోయే సెలవు కాదు.

2. టికెట్ కొనకముందే వీసా సంగతి చూడండి

ఈ ఒక్క విషయంలో తొందరపడకండి. భారతీయ పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులకు బార్బడోస్‌కి ముందుగా వీసా అక్కర్లేదు. చిక్కంతా దారిలోనే. ఇండియా నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి లండన్, న్యూయార్క్, మయామి, టొరంటో వంటి చోట్ల మారాలి. అమెరికా మీదుగా అయితే విమానం మారడానికి కూడా వీసా ఉండాల్సిందే. లండన్‌లోనూ సాధారణంగా ట్రాన్సిట్ వీసా అడుగుతారు. అమెరికా, కెనడా వీసాలున్నవారికి కొన్ని మినహాయింపులున్నాయి.

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటూ హెచ్‌1బి మీద పనిచేస్తున్నవారు ఇంకో మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు అయిపోయినా కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్లి తిరిగి రావడానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ అనే వెసులుబాటు ఉంది. అది కరీబియన్ దీవులకు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్) వీసాలవారికే వర్తిస్తుంది, హెచ్‌1బికి కాదు. 'మెక్సికో వెళ్లొచ్చాం కదా, ఇదీ అంతే' అనుకుని బయల్దేరితే తిరుగు విమానం ఎక్కనివ్వరు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజు ఎంబసీ వెబ్‌సైట్లలో మరోసారి చూసుకోండి.

3. ఏ తీరంలో దిగాలో ఎంచుకోండి

పడమటి తీరంలో, హోల్‌టౌన్ చుట్టుపక్కల, సముద్రం చెరువులా ఉంటుంది. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే అదే సరైన చోటు. ఖరీదు మాత్రం ఎక్కువ. దక్షిణ తీరంలో గదులు చవక, బస్సులు దండిగా ఉంటాయి, అలలు కాస్త పెద్దవి. తూర్పున బాత్‌షెబా దగ్గర అట్లాంటిక్ కొండరాళ్లను కొడుతుంటే గంటల తరబడి చూస్తూ కూర్చోవచ్చు, కానీ నీళ్లలోకి దిగకండి, ప్రవాహం లాగేస్తుంది. పైగా వేసవిలో సర్గాసమ్ నాచు తూర్పు, దక్షిణ తీరాలకే ఎక్కువగా కొట్టుకొస్తుంది. బీచ్‌లన్నీ జనానివే కాబట్టి పెద్ద హోటల్ ముందున్న ఇసుకలోనైనా మీరు కూర్చోవచ్చు.

వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే శాకాహారులకు బెంగ ఉండదు. కుళాయి నీళ్లు తాగొచ్చు. అక్కడ కరెంటు 115 వోల్టులు, అమెరికా ప్లగ్గులు. ఇండియా నుంచి తీసుకెళ్లిన రైస్ కుక్కర్ పనిచేయదు.

4. డబ్బు, బస్సు, భోజనం

రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరుకి సమానం. ఈ లెక్క 1975 నుంచీ మారలేదు. బస్‌స్టాప్ బోర్డు మీద ఊర్లోకి అనో, ఊరి బయటికి అనో రాసి ఉంటుంది. ఊరంటే రాజధాని బ్రిడ్జ్‌టౌన్. కారు తీసుకుంటే మనలాగే ఎడమవైపు నడపాలి, అమెరికా నుంచి వెళ్లేవారు మొదటి రోజు జాగ్రత్త.

శుక్రవారం రాత్రి ఒయిస్టిన్స్‌లో చేపలు కాల్చి పెడతారు, అది వదలొద్దు. ఎగిరే చేపతో పాటు తినే కూ-కూ మొక్కజొన్న పిండి, బెండకాయ కలిపి ఉడికించే ముద్ద. మన సంకటి తిన్నవాళ్లకు ఇట్టే నచ్చుతుంది. చేప వద్దనుకుంటే బంగాళాదుంప, శనగల కూర చుట్టిన రోటీ అడగండి.

5. రోజులు నింపకండి

ఏడు రోజుల్లో రెండే పనులు పెట్టుకోండి. ఒకటి, పొద్దున్నే కార్లైల్ బేలో తాబేళ్ల మధ్య ఈత. మాస్క్ పెట్టుకుని నీళ్లలో ముఖం ముంచితే పళ్లెమంత డిప్పతో తాబేలు కింద నుంచి నెమ్మదిగా పైకి వచ్చి, ఒక్కసారి గాలి పీల్చుకుని, మళ్లీ రెక్కల్లాంటి కాళ్లు ఆడిస్తూ దిగిపోతుంది. ముట్టుకోవద్దు, తిండి పెట్టొద్దు. 1919లో మునిగిన బెర్విన్ అనే టగ్ బోటు (పెద్ద ఓడలను లాగే పడవ) కూడా అదే నీళ్లలో కనిపిస్తుంది. రెండోది, ఎండ ఎక్కువైన రోజున హారిసన్స్ కేవ్ సున్నపురాయి గుహ. మిగతా ఐదు రోజులు ఖాళీగా వదిలేయండి.

6. బీచ్‌లో రెండు జాగ్రత్తలు

మాంచినీల్ అనే చెట్టు ఒడ్డునే నీడనిస్తూ ఉంటుంది. కాయ చిన్న పచ్చి ఆపిల్‌లా ముద్దుగా కనిపిస్తుంది, కానీ విషం. జిల్లేడు పాలలా కారే దాని పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వాన పడేటప్పుడు ఆ కొమ్మల కింద నిలబడితే పైనుంచి పడే చుక్కలతోనే చర్మం మండిపోతుంది. చాలాచోట్ల మొదలుకు ఎర్ర రంగు పూసి ఉంచుతారు. పిల్లలకు మొదటి రోజే ఆ గుర్తు చూపించండి. రెండోది ఎండ. బ్రిడ్జ్‌టౌన్ అక్షాంశం దాదాపు చెన్నైదే, కానీ సముద్రపు గాలికి ఆ వేడి తెలియదు. సన్‌స్క్రీన్ మరవకండి.

సూట్‌కేసులో సైనిక దుస్తుల డిజైన్ బట్టలుంటే తీసేయండి, చిన్నపిల్లలవైనా సరే. వాటిని వేసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం. తిరుగు ప్రయాణం సాయంత్రం విమానానికి పెట్టుకుంటే చివరి రోజు పొద్దున కూడా సముద్రం దక్కుతుంది. తడి బట్టలకు ఒక ప్లాస్టిక్ కవరు పైనే ఉంచుకోండి.