పదో తరగతి రివిజన్, నాలుగో పాఠం: తెల్ల కాగితం దగ్గర ఎక్కడ తప్పింది?

పోయిన పాఠంలో చెప్పిన పని ఒక్కటే. ఒక పాఠం చదవండి, పుస్తకం మూయండి, గుర్తున్నదంతా తెల్ల కాగితం మీద రాయండి, ఆ తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి అన్నాను. ఈసారి వేర్వేరు పాఠాల లెక్కలు కలిపి చేయడం మొదలుపెట్టాలి. కానీ మీరు పంపిన కాగితాల ఫొటోలు చూశాక, లెక్కలు చివర్లో పెట్టుకుని ముందు ఈ కాగితం సంగతే తేల్చుకుందాం అనిపించింది.

ముందుగా చాలా అందంగా ఉన్న కాగితాల గురించి. హెడ్డింగులు స్కెచ్ పెన్నుతో, కింద డబుల్ గీత, పాయింట్లకు నంబర్లు. ఎర్ర పెన్ను గీత మాత్రం ఒక్కటీ లేదు! అయిదు పేజీల పాఠాన్ని ఒక్క తప్పు లేకుండా రాశారంటే రెండే కారణాలు. పుస్తకం తెరిచే ఉంది, లేదా మూసిన మరుక్షణమే రాశారు. చదివిన వెంటనే ఎవరికైనా వస్తుంది. ఆ సమయంలో పాఠం ఇంకా నాలుక మీదే ఉంటుంది. మధ్యలో కనీసం ఒక అరగంట వేరే పని చేయండి. స్నానం చేసి రండి, ఇంగ్లీషు గ్రామర్ చూసుకోండి, కొట్టుకెళ్లి పాలు తెండి. అప్పుడు రాయండి. ఇంకో మాట, తెల్ల ఏ4 కాగితాలు కొనొద్దు. పాత క్యాలెండర్ షీట్ల వెనకవైపు చాలు. మంచి కాగితం కనిపిస్తే మీకు ముగ్గు వేసే బుద్ధి పుడుతుంది.

రెండో రకం, భయపడిపోయినవాళ్లు. "మేడమ్, రెండుసార్లు చదివాను. కాగితం ముందు కూర్చుంటే సగం పేజీ కూడా నిండలేదు. నాకు అసలు జ్ఞాపకశక్తి లేదేమో" అని ఒకమ్మాయి రాసింది. ఆ అమ్మాయి కాగితం నాకు వచ్చినవాటన్నింటిలోకీ మంచిది. ఎందుకో చెబుతాను.

విసర్జన పాఠంలో నెఫ్రాన్ గురించి, అంటే మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే సన్నని నాళం గురించి రాసింది. బొమ్మ వంకరగా ఉంది, ఫర్వాలేదు. గ్లోమరులస్, దాని చుట్టూ బౌమన్ గుళిక, తర్వాత చిన్న ఖాళీ వదిలి "ఇక్కడ ఏదో ఉంది??" అని రెండు ప్రశ్నార్థకాలు, ఆ తర్వాత హెన్లీ శిక్యం, దూరస్థ సంవళిత నాళం, సంగ్రహణ నాళం. ఆ ఖాళీలో ఉండాల్సింది సమీపస్థ సంవళిత నాళం. వడగట్టిన ద్రవంలోని గ్లూకోజ్ తిరిగి రక్తంలోకి వెళ్లేది ప్రధానంగా అక్కడే. అంటే ఆ అమ్మాయి మర్చిపోయింది ఒక్క పేరు కాదు, ఆ పేరుతో పాటు పునఃశోషణ అనే పాయింటు మొత్తం పోయింది. కింద రాసిన వాక్యాల్లో కూడా గ్లూకోజ్ ఊసే లేదు. ఇదంతా పుస్తకం చదువుతుంటే బయటపడదు. చదివేటప్పుడు ఆ పేరు కళ్ల ముందే ఉంటుంది, తెలిసినట్టే ఉంటుంది. ఇప్పుడు ఆ అమ్మాయి మళ్లీ చదవాల్సింది ఎంత? పాఠం మొత్తం కాదు, అరపేజీ. సగం పేజీ నిండలేదని ఏడ్చిన పిల్ల ఎంత టైం మిగుల్చుకుందో చూడండి.

మూడో రకం, నోటితో అప్పజెప్పించుకున్న తల్లిదండ్రులు. "అడిగితే అన్నీ చెప్తున్నాడండీ, రాయడమెందుకు?" అని. మీరు అడిగే ప్రశ్నలోనే సగం జవాబు ఉంటుంది. "హెన్లీ శిక్యం తర్వాత ఏమొస్తుంది?" అని మీరు అడిగితే హెన్లీ శిక్యం మీరు చెప్పేసినట్టే కదా. పరీక్షలో అలా అందించేవాళ్లు ఉండరు. రాయించండి.

భాష గురించి చాలామంది అడిగారు. ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు ఉన్న పుస్తకాలు వచ్చాక పిల్లలు తెలుగులో అర్థం చేసుకుని ఇంగ్లీషులో రాయాల్సి వస్తోంది. మొదటి కాగితం మీకు ఏ భాషలో వస్తే ఆ భాషలో, కలిపి అయినా సరే, రాయండి. రెండోసారి మాత్రం పరీక్ష రాసే భాషలోనే. టెక్నికల్ పదాల స్పెల్లింగు ఎర్ర పెన్నుతో దిద్దుకోవాల్సింది ఆ రెండో కాగితం మీద.

టైంటేబుల్ ఎలా వేసుకోవాలో చెప్పమన్నవాళ్లకు నేను చెప్పను. వేసుకోవడం అందరికీ వచ్చు, గోడకు అంటించడం అంతకంటే బాగా వచ్చు.

ఇక నాకు చిరాకు తెప్పించే విషయానికి వస్తాను. ఒక్కసారి చూసి రాయడం.

రాస్తూ రాస్తూ ఆగిపోతారు. "ఆ ఒక్క ముక్క చూస్తే మిగతాదంతా వచ్చేస్తుంది" అని పుస్తకం కొంచెం తెరుస్తారు. ఒక పదం చూస్తారు. నిజంగానే మిగతాదంతా వచ్చేస్తుంది. అదే ప్రమాదం. ఆ పదం మీకు రాలేదన్న సంగతి కాగితం మీద ఎక్కడా ఉండదు. రేపు చూసుకుంటే ఆ పదం మీ చేతిరాతలోనే, నీలం సిరాతోనే ఉంటుంది. వచ్చిందనే అనుకుంటారు. మళ్లీ చదవరు. పరీక్ష హాల్లో సరిగ్గా అదే పదం దగ్గర ఆగుతారు, అక్కడ తెరవడానికి పుస్తకం ఉండదు.

"ఆగిపోతే మరేం చేయాలి?" అంటారా? ఖాళీ వదలండి. ఆ అమ్మాయిలాగా ప్రశ్నార్థకం పెట్టండి. కనీసం రెండు నిమిషాలు బుర్ర గోక్కోండి. మొదటి అక్షరం గుర్తొస్తే అదే రాయండి. పేజీలో ఆ పదం ఏ మూల ఉందో గుర్తొస్తే అది రాయండి. రాకపోయినా ఆ వెతుకులాట వృథా కాదు. వెతికి వెతికి దొరకని పదాన్ని తర్వాత పుస్తకంలో చూసినప్పుడు "ఓహ్, ఇదా!" అనిపిస్తుంది చూశారా, అలా దొరికింది తొందరగా పోదు. పేజీ కింద వేలు పెట్టి పైన మాత్రమే చూడటం, బొమ్మ మాత్రమే చూడటం, ఫోన్లో ఫొటో తీసుకుని ఒక్క లైను జూమ్ చేసి చూడటం, పక్కన కూర్చున్న అక్కని మొదటి అక్షరం అడగటం, ఇవన్నీ చూడటం కిందికే వస్తాయి. పుస్తకాన్ని వేరే గదిలో పెట్టి రండి. నేను మా ఇంట్లో పిల్లల పుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేసేదాన్ని. తిట్టుకునేవాళ్లు, తిట్టుకోనివ్వండి.

ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక పాఠ్యభాగం ఇచ్చి కొందరితో మళ్లీ మళ్లీ చదివించారు, కొందరితో చదివాక చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లే బాగా రాశారు. వారం తర్వాత పెడితే తిరగబడింది, చూడకుండా రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. నాకు నచ్చిన సంగతి ఇంకొకటి. మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. రాత్రి పదకొండింటికి "అంతా అయిపోయింది, నాలుగోసారి కూడా చదివేశా" అనే ధైర్యం అలాంటిదే.

టెన్షన్ గురించి అడిగినవాళ్లందరికీ నా జవాబు ఇదే కాగితంలో ఉంది. హాల్లో "బ్లాంక్ అయిపోయాను" అంటారు కదా, ఆ బ్లాంక్ అవడం మీకు ముందే ఇంట్లో చాలాసార్లు జరిగి ఉండాలి. ఖాళీ వదిలి ముందుకెళ్లడం, తిరిగొచ్చి నింపడం చేతికి అలవాటై ఉండాలి. చూసి రాసే పిల్లలకు ఆ అనుభవం మొదటిసారి కలిగేది పబ్లిక్ పరీక్షలోనే. అందుకే అంత గాభరా.

గాభరా పడితే శరీరంలో జరిగేది మామూలు విషయమే. అడ్రినలిన్ విడుదలవుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది, చేతులు చెమట పడతాయి. దాంతో చదివింది చెరిగిపోదు. కానీ "ఫెయిలైతే ఎలా, నాన్న ఏమంటారు" అన్న ఆలోచన బుర్రలో చోటు ఆక్రమించి, జవాబు వెతకడానికి చోటు మిగల్చదు. పెన్ను కింద పెట్టండి. నాలుగు లెక్కపెట్టేలోపు గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేలోపు నెమ్మదిగా వదలండి. అలా అయిదారుసార్లు. తర్వాత ప్రశ్న నంబరు వేసి, చోటు వదిలి, వచ్చిన ప్రశ్నకు వెళ్లండి. ఆ రాని ప్రశ్నతోనే కుస్తీ పట్టొద్దు.

పరీక్ష రోజు పొద్దున ఇంకొకటి చేయొచ్చు. ఇంటి నుంచి బయల్దేరే ముందు పది నిమిషాలు, మీకు దేని గురించి భయంగా ఉందో ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి చించేయండి. 2011లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిదో తరగతి పిల్లలతో బయాలజీ పరీక్షకు ముందు ఇలా భయాలు రాయించారు. పరీక్షంటే ఎక్కువ భయపడే పిల్లలకు మార్కులు మెరుగయ్యాయి. చించేయడం మాత్రం నా చేర్పు, ఇంట్లోవాళ్లు చదువుతారేమోనన్న బెంగ లేకుండా. ఆ పది నిమిషాల్లో ఇంట్లోవాళ్లు "అన్నీ చదివావా?" అని అడగకుండా ఉంటే చాలా సాయం చేసినవాళ్లవుతారు.

ఇక లెక్కలు, క్లుప్తంగా. ఈ రెండూ చేయండి.

ఒక దీర్ఘచతురస్రం పొడవు, వెడల్పు కన్నా 4 మీటర్లు ఎక్కువ. చుట్టుకొలత 40 మీటర్లు. కొలతలెంత?

ఒక దీర్ఘచతురస్రం పొడవు, వెడల్పు కన్నా 4 మీటర్లు ఎక్కువ. వైశాల్యం 96 చదరపు మీటర్లు. కొలతలెంత?

రెండింటికీ జవాబు 12, 8. కానీ మొదటిది, పొడవు x, వెడల్పు y అనుకుంటే, x + y = 20, x − y = 4 అనే రేఖీయ సమీకరణాల జత. రెండోది, వెడల్పు x అనుకుంటే, x² + 4x − 96 = 0 అనే వర్గ సమీకరణం, (x + 12)(x − 8) = 0 అని విడదీసి, వెడల్పు రుణాత్మకం కాదు కాబట్టి −12 ని వదిలేయాలి. పుస్తకంలో అభ్యాసం చేసేటప్పుడు పైన పాఠం పేరు ఉంటుంది కాబట్టి ఏ పద్ధతో ఆలోచించే పనే ఉండదు. ప్రశ్నపత్రంలో ఆ పేరు ఉండదు. పద్ధతి ఎంచుకోవడం కూడా ప్రాక్టీసు చేయాలంటే వేర్వేరు పాఠాల లెక్కలు కలిపి చేయాలి. రోజుకు ఒకే పాఠం పట్టుకుని ముప్పై లెక్కలు చేయడం కన్నా, అయిదు పాఠాల నుంచి రెండేసి చేయడం మేలని నా అభిప్రాయం. దీని మీద పూర్తి పాఠం వచ్చేసారి.

ఈ వారం పని కొంచెం పెద్దది. రెండు భాగాలు.

ఒకటి, పోయినసారి రాసిన పాఠాన్నే ఇప్పుడు మళ్లీ చదవకుండా నేరుగా కాగితం మీద రాయండి. అప్పుడు ఎర్రగా ఉన్నవాటిలో ఇప్పుడెన్ని నీలంగా మారాయో చూసుకోండి. ఇంకా ఎర్రగా ఉన్నవే చదవండి, వాటిని రెండ్రోజులాగి మళ్లీ రాయండి.

రెండు, ఆదివారం పొద్దున సరిగ్గా 9.30కి కూర్చుని ఒక పాత లెక్కల పేపరు పూర్తిగా రాయండి. ఫోన్ ఇంకో గదిలో, ఫ్యాను శబ్దం తప్ప ఇంకేం ఉండకూడదు. ఆంధ్రప్రదేశ్ పేపరైతే 33 ప్రశ్నలు, 100 మార్కులు, చదువుకోవడానికి 15 నిమిషాలు, రాయడానికి మూడు గంటలు. లెక్క వేసుకోండి. 8 మార్కుల ప్రశ్నలు అయిదింటికి 14 నిమిషాల చొప్పున 70, 4 మార్కులవి ఎనిమిదింటికి 7 చొప్పున 56, 2 మార్కులవి ఎనిమిదింటికి మూడున్నర చొప్పున 28, 1 మార్కువి పన్నెండింటికి 12 నిమిషాలు. మొత్తం 166. మిగిలిన 14 నిమిషాలు వదిలిన ఖాళీలకు. చాలామంది మాస్టార్లు ఎనిమిది మార్కులవాటితో మొదలుపెట్టమంటారు. నేను నాలుగు మార్కులవాటితో మొదలుపెట్టమంటాను, ఒకటి రెండు చకచకా అయ్యేసరికి చెయ్యి కుదురుకుంటుంది. తెలంగాణ పిల్లలు వాళ్ల మోడల్ పేపరుతో, దాని మార్కుల ప్రకారం ఇలాగే నిమిషాలు పంచుకోండి.

ఎక్కడ ఖాళీ వదిలారో మార్జిన్‌లో చుక్క పెట్టండి. మధ్యలో టైం చూసుకుని ఏ ప్రశ్న దగ్గర ఎంతయిందో కూడా పక్కన వేయండి. నాకు మార్కులు పంపొద్దు, ఆ చుక్కలున్న పేజీల ఫొటోలు పంపండి. వచ్చే పాఠానికి లెక్కలు వాటిలోంచే తీస్తాను.