పాత ఎలక్ట్రిక్ ట్రాక్టర్‌తో గడ్డి కోస్తూ కింద చెయ్యి పెట్టే ముందు: కేబుల్ విప్పారా?

పోయిన శనివారం మా పక్క వీధి తమ్ముడికి రెండు వేళ్లకు కుట్లు పడ్డాయి. తడి గడ్డి డెక్ (బ్లేడ్లను కప్పే ఇనప మూత) కింద ఇరుక్కుంటే బ్లేడ్ల స్విచ్ ఆపి, దిగి, చేత్తో లాగుతున్నాడు. తాళంచెవి బండికే ఉంది. ఆరేళ్ల కొడుకు ముచ్చటపడి సీటెక్కి స్విచ్ నొక్కాడు. పెట్రోలు బండి అయితే ఇంజిన్ స్టార్ట్ అయ్యే చప్పుడుకైనా చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. ఇక్కడ చప్పుడూ బ్లేడూ ఒక్కసారే వచ్చాయి.

అతనిదీ నాదీ ఒకే రకం బండి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ 1969లో తెచ్చిన ఎలెక్-ట్రాక్. 6 వోల్టుల బ్యాటరీలు ఆరు, మొత్తం 36 వోల్టులు. డెక్ మీద ఒక్కో బ్లేడుకు సొంత మోటారు. గట్టి బండి కాబట్టే యాభై ఏళ్లు దాటినా నాలాంటివాళ్లు వెతికి మరీ కొంటున్నారు. ఇక్కడ న్యూజెర్సీలో గడ్డి ఏపుగా పెరిగే రోజులు వచ్చేశాయి. బూట్లు వేసుకోండి, రాళ్లు ఏరండి అని నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే.

డెక్ కింద చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ కేబుల్ విప్పండి.

తాళంచెవి తీశాను కదా అంటారు. చాలదు. మోటారుకు కరెంటు వదిలేది కాంటాక్టర్ అనే పెద్ద రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్. ఏళ్ల తరబడి వాడేసరికి దాని లోపలి బిళ్లలు కాలి ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా కరెంటు ఆగదు. ఇంకోటి, సీటు మీంచి లేస్తే బ్లేడ్లు ఆగాలని పెట్టిన స్విచ్. విసుగేసి దాని వైర్లు నేరుగా కలిపేసినవాళ్లు ఎందరో. మీకంటే ముందు ఆ బండి ఎంతమంది చేతులు మారిందో! గడ్డి ముద్ద అడ్డుపడి బ్లేడు ఆగినా, లోపల మోటారు తిరగాలని తోస్తూనే ఉండొచ్చు. ముద్ద లాగిన క్షణంలో గిర్రున తిరుగుతుంది. పెట్రోలు బండి మీద నేర్చుకున్న "చప్పుడు లేదంటే ఆగినట్టే" అనే లెక్క ఇక్కడ పనికిరాదు. కేబుల్ విప్పండి.

ఇక బ్యాటరీలు. 36 వోల్టులే, షాక్ కొట్టదులే అని ధీమా వద్దు. భయం షాక్ గురించి కాదు, కాలడం గురించి. బంగారు ఉంగరం ఒక పక్క టెర్మినల్‌కు, ఇంకో పక్క పానాకు తగిలిందా, వందల ఆంపియర్లు దాంట్లోంచే పోతాయి. ఉంగరం ఎర్రగా కాలి వేలికి అంటుకుంటుంది. మనకు ఉంగరం, కడియం, మెడలో గొలుసు తీసే అలవాటు తక్కువ. తీయండి. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

ఛార్జింగ్ చివర్లో ఈ బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో 4 శాతం చేరితే నిప్పురవ్వ చాలు. గరాజ్ తలుపు తెరిచి ఉంచండి. ఛార్జర్ ప్లగ్ గోడ దగ్గర పీకాకే బ్యాటరీ క్లిప్పులు ముట్టుకోండి.

డిస్టిల్డ్ వాటర్ ఛార్జింగ్ అయ్యాకే నింపండి. ముందే నింపితే ఛార్జింగ్‌లో పొంగి యాసిడ్ కారుతుంది. బ్యాటరీ లోపలి ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేంత ముందే పోయండి. కళ్లద్దాలు లేకుండా మూత తీయొద్దు. పక్కన వంటసోడా, బకెట్టు నీళ్లు ఉంచండి. యాసిడ్ ఒంటి మీద పడితే ముందు నీళ్లు, సోడా నేల మీద పడినదానికి.

వాలు మీద అడ్డంగా నడపొద్దు, ఎక్కి దిగండి. 15 డిగ్రీలు దాటిన వాలుకు అసలు వెళ్లొద్దు. తడి గడ్డి జోలికి పోవద్దు.

పిల్లలు ఇంట్లో ఉండాలి. యార్డులో కాదు, ఇంటి వెనక చెక్క అరుగు మీద కాదు, ఇంట్లో. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఫొటోలు వద్దు. వెనక్కి తీసేటప్పుడు తల తిప్పి చూడండి, వెనక ఉన్నవాళ్లకు మీ బండి వినపడదు. దిగితే తాళంచెవి జేబులో ఉండాలి. కింద చెయ్యి పెట్టాలంటే కేబుల్ విప్పాలి. అర నిమిషం పనైనా విప్పాలి.

ఈ శనివారం బండి తీస్తున్నారా? చదునైన చోట, బ్రేకు వేసి, బ్లేడ్లు తిప్పి, సీటు మీంచి కాస్త పైకి లేవండి. బ్లేడ్లు ఆగకపోతే ఆ స్విచ్ బాగుచేయించేదాకా బండి గరాజ్ దాటకూడదు.