తోడేలు మనిషికి మొలతాడు మందు

నెల్లూరు వేదాయపాళెంలో మా మేడ మీద శనివారాలు డన్జన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు తలొక పాత్రగా పాచికలేసి ఆడే ఆట అది. కథ నడిపేది నేను. ఇంకా పెద్దగా బలం రాని రెండో లెవెల్ పాత్రలు నలుగురి మీదికి ఒక తోడేలు మనిషిని వదిలాను. 2014 నాటి నియమాల్లో దానికి 58 హిట్ పాయింట్లు, అంటే ప్రాణబలం. వెండి పూతో, మంత్రబలమో లేని ఆయుధం దాన్ని గీరను కూడా గీరదు. మంత్రగాడి నిప్పు ఒక్కటే కాస్త కాల్చింది. దెబ్బ తగలడానికి పాచికతో అందుకోవాల్సిన కవచం విలువ తోడేలు రూపంలో కూడా 12 మాత్రమే కాబట్టి కత్తి దెబ్బలన్నీ తగులుతున్నాయి, ఒక్కటీ దిగడం లేదు.

"మామా, 19 పడింది. అయినా సున్నానా?" అంటూ మా మేనకోడలు పాచికను నా ముందుకు తోసింది. తప్పు నాదే.

వెండి పూతకు పుస్తకంలో ధర 100 బంగారు నాణేలు. వాళ్ల సంచుల్లో 30 కూడా లేవు. మరుసటి వారం ఆ పోరును చెరిపేసి, దానికి ముందు ఒక ఊరిని పెట్టాను. గొర్రెల కాపరి ఇంట్లో పసివాడి నడుముకు వెండి మొలతాడు, కంసాలి కొట్లో అరిగిన పట్టీలు. వాటితో ఏం చేయాలో ఒక్క మాటా చెప్పలేదు. మేనకోడలే తల్లిని బతిమాలి మొలతాడు విప్పించి, బాణం ములుకుకు చుట్టింది. బిడ్డకు దిష్టి తగులుతుందని ఆ తల్లి సణిగితే తన మెడలోని తాయెత్తు ఇచ్చింది. ఆ బేరానికే అరగంట పట్టింది! పోరు పది నిమిషాల్లో తేలిపోయింది, సగం ప్రాణం పోగానే తోడేలు పారిపోయేలా మార్చాను మరి.

ఇక కాటు శాపం, అంటే కరిపించుకున్నవాళ్లూ తోడేలు మనుషులైపోవడం. దాన్ని తీసే మంత్రం పూజారికి ఐదో లెవెల్‌లో గానీ రాదు. అందుకే శాపం తర్వాతి పున్నమికే ఎక్కుతుందని పెట్టాను. బావ పాత్రను తోడేలు కరిచింది. పున్నమికి ఎనిమిది రోజులుంది, గుడి వెతుక్కుంటున్నారు.