టేబుల్ అంతా చదవకుండా గణాంకాలు: పోస్ట్‌గ్రెస్‌లో శాంపిలింగ్

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో గణాంకాలు సేకరించే అనలైజ్ కమాండ్ పెద్ద టేబుల్ మొత్తాన్ని చదవదు. గణాంకాలు ఎంత వివరంగా ఉండాలో చెప్పే స్టాటిస్టిక్స్ టార్గెట్ అనే సెట్టింగ్‌ను 300తో గుణిస్తే వచ్చినన్ని వరుసలే తీసుకుంటుంది. డిఫాల్ట్ టార్గెట్ 100 కాబట్టి 30,000 వరుసలు. వాటి కోసం యాదృచ్ఛికంగా ఎంచుకునే పేజీలు కూడా 30,000 దాటవు. పేజీ 8 కేబీ చొప్పున, టేబుల్ ఎంత పెద్దదైనా డిస్క్ నుంచి చదివేది సుమారు 240 ఎంబీ లోపే.

ముందు అనలైజ్ నడిపి, ఆ గణాంకాలను చూపే పీజీ స్టాట్స్ వ్యూలో ఎన్-డిస్టింక్ట్ (కాలమ్‌లోని విభిన్న విలువల సంఖ్య అంచనా) చూడండి. అసలు తేడా కొట్టేది ఇక్కడే. కోట్ల వరుసలున్న టేబుల్‌లో అరుదైన విలువలు శాంపిల్‌కు చిక్కవు, అందుకే విభిన్న విలువల సంఖ్య బాగా తక్కువగా వస్తుంది. ఆ అంచనాను నమ్మి, క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే ప్లానర్ టేబుల్స్‌ను కలిపే పద్ధతిని (జాయిన్) తప్పుగా ఎంచుకోవచ్చు. అలాంటప్పుడు ఆ ఒక్క కాలమ్‌కే టార్గెట్‌ను 500కి పెంచి, మళ్లీ అనలైజ్ చేయండి. శాంపిల్ 1,50,000 వరుసలవుతుంది. డిస్క్ చదువూ ఆ మేరకు పెరుగుతుంది. అన్ని కాలమ్‌లకూ పెంచితే దాచే గణాంకాలు, ప్లానింగ్ సమయం కూడా పెరుగుతాయి కనుక అలా చేయొద్దు. అప్పటికీ కుదరకపోతే ఎన్-డిస్టింక్ట్‌ను చేత్తోనే పెట్టడం మేలు: రుణ సంఖ్య ఇస్తే అది వరుసల సంఖ్యలో నిష్పత్తి, అంటే -0.2 వరుసల సంఖ్యలో ఐదో వంతు. ఇది తర్వాతి అనలైజ్ నుంచే అమల్లోకి వస్తుంది.

సొంతంగా అంచనా వేయాలంటే క్వెరీలో టేబుల్‌లోని కొంత భాగాన్నే తీసుకునే టేబుల్‌శాంపిల్ వాడొచ్చు. బెర్నూలీ పద్ధతి 1 శాతం అడిగినా పేజీలన్నీ చదువుతుంది. సిస్టమ్ పద్ధతి ఎంచుకున్న పేజీలే చదువుతుంది. కానీ ఒకేలాంటి విలువలు పక్కపక్కనే పేరుకున్న టేబుల్‌లో దాని అంచనా గాడి తప్పుతుంది.