గర్భం కోసం ప్రయత్నించే ముందు: థైరాయిడ్ ఉన్నవాళ్లకు జాగ్రత్తలు

• ముందు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు తెలిపే రక్త) పరీక్ష. హైపోథైరాయిడ్‌కు (థైరాయిడ్ హార్మోన్ తక్కువ కావడం) మాత్ర వాడేవాళ్లకు ఇది 2.5 లోపు ఉంటే మేలు. బాగా ఎక్కువైతే అండం విడుదల తప్పొచ్చు, గర్భస్రావం ముప్పూ పెరుగుతుంది.

• పరీక్ష రోజు థైరాయిడ్ మాత్ర రక్తం ఇచ్చాకే. జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే కనీసం 2 రోజుల ముందే ఆపాలి, లేదంటే రిపోర్టు తప్పుగా రావచ్చు.

• మాత్ర పరగడుపున, మంచినీళ్లతో. ఎంత అలవాటున్నా కాఫీ అరగంట ఆగాకే. ఐరన్, కాల్షియం మాత్రలకు 4 గంటల ఎడం. అన్నీ కలిపి ఒకేసారి మింగేస్తాం చూడండి, చిక్కంతా అక్కడే.

• నెల తప్పిందా? స్కానింగ్ దాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకు చెప్పండి. తొలి 3 నెలలు బిడ్డకు తల్లి హార్మోనే ఆధారం, డోసు పెంచాల్సి రావచ్చు. "కడుపుతో ఉండగా మందులెందుకు" అనే పెద్దల మాట ఇక్కడ పనికిరాదు.

• కార్బిమజోల్ (థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైతే ఇచ్చే మందు) వాడేవాళ్లు మందు మార్పు సంగతి గర్భానికి ముందే డాక్టరుతో తేల్చుకోవాలి.